గడ్డినేలల మొక్కల దుంపలు నిజంగా నీటి ట్యాంకులేనా?

విభాగం: వృక్షశాస్త్రం, పర్యావరణం

గడ్డిపూలు (అంశం మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం గడ్డినేలల్లో పెరిగే మొక్కల భూగర్భ భాగాల గురించి చదువుతుంటే ఒక సందేహం పట్టుకుని వదలడం లేదు.

ఏ పాఠ్యపుస్తకం తీసినా "దుంపలు, లశునాలు (ఉల్లి లాంటి గడ్డలు), కందాలు (కంద లాంటి గడ్డలు) ఆహారాన్నీ నీటినీ నిల్వ చేస్తాయి, అందుకే ఈ మొక్కలు కరువును తట్టుకుంటాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. ఆ నీరు ఎంత? ఎన్నాళ్లు సరిపోతుంది? మొక్క ఎండాకాలంలో నిజంగా దుంపలో నీళ్లు తాగి బతుకుతుందా, లేక లోతుకు దిగిన వేర్లే అసలు పని చేస్తున్నాయా? దుంప ఉన్న జాతి, దుంప లేని జాతి పక్కపక్కనే పెరుగుతుంటే వాటి నీటి వాడకంలో తేడా ఎలా కనిపెట్టాలి?

ఏ పరికల్పనతో మొదలుపెట్టాలో మా గైడ్‌కి త్వరలో చెప్పాలి, అదో టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

---

కందమూలం

ట్యాంకులే అని చెప్పడానికి గట్టి ఉదాహరణ ఉందండీ. కలహారి ఇసుక నేలల్లో మొరామా అనే తీగ ఉంది, శాస్త్రనామం టైలోసీమా ఎస్కులెంటమ్. చిక్కుడు కుటుంబం. దాని దుంప ముదిరితే 200 కిలోలు దాటుతుంది. తవ్వి తీసిన దుంప బరువులో అత్యధిక భాగం నీరే. నేల మీద కనిపించేదేమో పాకే తీగలు, రెండు తమ్మెల ఆకులు. చలి, ఎండ ముదిరితే తీగలు చచ్చిపోతాయి, కాలం మారగానే మళ్లీ చిగురిస్తాయి.

అంత నీరు మోసుకు తిరిగే అవయవాన్ని ట్యాంకు అనకపోతే మరేమంటాం?

---

తేమలెక్క

మొరామా గొప్ప మొక్క. కానీ గడ్డినేలల్లో దుంప మొక్కల్లో ఎక్కువ భాగం ఆ కొలతలో ఉండవు. అందుకని ముందు మామూలు మొక్కకి ఒక లెక్క వేద్దాం, తర్వాత మొరామాకి వద్దాం. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు, ఏదో ఒక జాతివి కావు.

ఒక మొక్కకి ఆకుల విస్తీర్ణం మొత్తం 1000 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరులో పదో వంతు. పత్రరంధ్రాలు తెరుచుకుని ఉన్న పగటిపూట, సెకనుకు చదరపు మీటరుకు 3 మిల్లీమోల్‌ల బాష్పోత్సేకం (ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడం) అనుకుందాం. ఇది ఎక్కువేమీ కాదు. ఒక మోల్ నీరు 18 గ్రాములు కాబట్టి ఆ మొక్క గంటకు సుమారు 20 గ్రాముల నీరు వదులుతుంది. పది గంటల ఎండకి 200 గ్రాములు.

దుంప 300 గ్రాములు, అందులో 80 శాతం నీరు అనుకోండి. అంటే 240 గ్రాములు. అదంతా ఇచ్చేస్తే దుంపే చచ్చిపోతుంది. కణాలు దెబ్బతినకుండా మూడో వంతు ఇవ్వగలదని ఉదారంగా అనుకున్నా 80 గ్రాములు. అంటే నాలుగు గంటలకు సరిపోతుంది. నెలల తరబడి సాగే ఎండాకాలానికి నాలుగు గంటలు!

ఇప్పుడు పత్రరంధ్రాలు మూసేసిందనుకుందాం. అవభాసిని (ఆకు మీది మైనపు పొర) గుండా పోయే నీరు తెరిచి ఉన్నప్పటితో పోలిస్తే యాభయ్యో వంతు అనుకుంటే గంటకు 0.4 గ్రాములు. అదే 80 గ్రాములు 200 గంటలు వస్తాయి, ఎనిమిది రోజుల పైమాటే. ఇక ఆకులే రాల్చేసి మొగ్గలు మాత్రం మట్టి కింద ఉంచుకుంటే పోయే నీరు ఇంకా ఎన్నో రెట్లు తగ్గుతుంది. అప్పుడు ఆ 80 గ్రాములకు అసలు విలువ వస్తుంది.

కాబట్టి "దుంపలో ఎంత నీరుంది" అన్న ప్రశ్నకి ముందు "ఆ సమయంలో ఆకులున్నాయా" అని అడగాలి. ఆకులున్నంతసేపు దుంపలోని నీరు పెద్ద లెక్కలోకి రాదు. ఆకులు పోయాక అదే ప్రాణం.

మొరామాకి కూడా వేద్దాం. 200 కిలోల దుంపలో 180 కిలోల నీరు, మూడో వంతు 60 కిలోలు. తీగల ఆకులన్నీ కలిపి 5 చదరపు మీటర్లు అనుకుంటే రోజుకు దాదాపు 10 కిలోల ఖర్చు. ఆరు రోజులు. మధ్యాహ్నాలు పత్రరంధ్రాలు మూసుకుంటూ జాగ్రత్తగా వాడితే వారాలు. అంటే ఆకుల విస్తీర్ణానికి, దుంప బరువుకి ఉన్న నిష్పత్తే ఇక్కడ నిర్ణయిస్తుంది. కందమూలం గారి ఉదాహరణ నిలుస్తుంది, కానీ అది ఈ నిష్పత్తి అరుదుగా ఒక చివరకు పోయిన మొక్క.

---

గరికపోచ

తేమలెక్క గారూ, ఆ లెక్కని దాచుకున్నాను.

గడ్డిపూలు గారికి నాదొక మాట. భూగర్భ అవయవాలన్నీ ఒకే గంపలో వేయకండి. ఉల్లి తరహా లశునంలో రసం నిండిన పొరలుంటాయి. వేరుదుంపలో మృదుకణజాలం ఎక్కువ. కానీ బ్రెజిల్‌లో సెర్రాడో అనే సవన్నా నేలల్లో ఎక్కువగా కనిపించే జైలోపోడియం గట్టి చెక్క ముద్ద. కోస్తే రంపం కావాలి. అందులో నిల్వ కణజాలం చాలా జాతుల్లో తక్కువే, నీరు ఇంకా తక్కువ. దాని మీద ఉన్నవి మొగ్గలు, పదుల కొద్దీ. జైలోపోడియం కిందనే ఉబ్బిన వేరు ఉంటే నిల్వ అక్కడ ఉంటుంది. రెండూ కలిసి ఒకే మొక్కలో ఉండటం మామూలే, అందుకే రెంటినీ ఒకటిగా రాసేస్తుంటారు.

గరిక, తుంగ లాంటివాటిలో కొమ్ములు (పసుపు కొమ్ముల్లాంటి భూగర్భ కాండాలు) నేలలో పక్కకు పాకుతాయి. వాటి పని చాలావరకు కొత్త చోటికి చేరడం, మొగ్గల్ని దాచడం. అమెరికా ప్రెయిరీలోని కోంజా పరిశోధన క్షేత్రంలో లెక్కపెడితే ఏటా పైకి వచ్చే పిలకల్లో 99 శాతానికి పైగా భూగర్భ మొగ్గల నుంచే వచ్చాయి, విత్తనాల నుంచి వచ్చినవి ఒక శాతం కూడా లేవు. అంటే ఆ గడ్డినేల అంతా మట్టి కింద ఉన్న మొగ్గల మీదే నడుస్తోంది. నీటి వాడకాన్ని కూడా అవే నిర్ణయిస్తాయి: వాన పడ్డాక ఎన్ని మొగ్గలు లేస్తే అంత ఆకు, ఎంత ఆకుంటే అంత నీటి ఖర్చు.

---

గడ్డిపూలు

చాలా థాంక్స్ అండీ అందరికీ. లెక్క చూశాక ఒక చిక్కు వచ్చింది. వానలకు ముందే, నేల బాగా ఎండి ఉన్నప్పుడే చిగురించే మొక్కలున్నాయి కదా. గడ్డి ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది, ఇవి మాత్రం పచ్చగా లేస్తాయి. దుంపలో నీరు నాలుగు గంటలకే సరిపోతే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తోంది?

---

సవన్నాబాట

ఈ ప్రశ్నకి దక్షిణాఫ్రికా పశువుల కాపరులు చాలా భారీ మూల్యం చెల్లించి జవాబు తెలుసుకున్నారు. అక్కడి గడ్డినేలల్లో గిఫ్‌బ్లార్ అనే మొక్క ఉంది, డైకాపెటాలమ్ సైమోసమ్. పైకి జానెడెత్తు కొమ్మలు, పిడికెడు ఆకులు. కింద మాత్రం కాండాలూ వేర్లూ చాలా దూరం, చాలా లోతు పాకి ఉంటాయి. వానలకు ముందే, గడ్డి మొలవక ముందే ఇది పచ్చగా చిగురిస్తుంది. ఆకలి మీదున్న పశువులు పచ్చదనం చూసి మేస్తాయి, నీళ్లు తాగగానే కుప్పకూలతాయి. ఆకుల్లో ఫ్లోరోఎసిటేట్ విషం ఉందని 1940లలో కనిపెట్టారు.

ఆ పచ్చదనానికి నీరు లోతు మట్టి నుంచి వస్తుంది. పై మీటరు ఎండిపోయినా కింద తేమ ఉంటుంది. సెర్రాడోలో ఈ సంగతిని మొదట తేల్చినవారు ఫెలిక్స్ రావిచ్చర్, ఆయన సావోపాలో సహచరులు. అప్పటిదాకా సెర్రాడోలో మొక్కలు గిడసబారినట్టు, తోలు ఆకులతో ఉండటం చూసి నీటి కరువే కారణమని నమ్మేవాళ్లు. 1940లలో వీళ్లు సావోపాలో రాష్ట్రంలోని ఎమాస్ దగ్గర లోతుగా తవ్వి చూస్తే భూగర్భజలం దాదాపు 18 మీటర్ల కింద ఉంది, మధ్యలో మట్టి ఎండాకాలంలోనూ తేమగానే ఉంది. చాలా జాతులు ఎండాకాలంలో కూడా పత్రరంధ్రాలు తెరిచే ఉంచాయి. నీరు లేక బాధపడుతున్న మొక్క అలా చేయదు.

అయితే అదే సెర్రాడోలో వేర్లు లోతుకు పోని చిన్న మొక్కలు ఎండాకాలంలో పైభాగాన్ని పూర్తిగా వదిలేసుకుని జైలోపోడియం, లశునాలతో నేల కింద ఆగుతాయి. ఒకే మైదానంలో రెండు పద్ధతులూ. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

---

తేమలెక్క

సవన్నాబాట గారు చెప్పినదానికి ఒక పొడిగింపు. ఆకుని *కట్టడానికి* కావలసిన నీరు వేరు, ఆకుని *నడపడానికి* కావలసిన నీరు వేరు.

పైన అనుకున్న మొక్కకే చూడండి. చదరపు మీటరులో పదో వంతు లేత ఆకు పచ్చి బరువు దాదాపు 20 గ్రాములు. అందులో నీరు 16 గ్రాములు. 300 గ్రాముల దుంప దాన్ని సునాయాసంగా ఇవ్వగలదు. కణాలు సాగాలంటే ఆ నీరూ, దాంతోపాటు చక్కెరలూ కావాలి, రెండూ దుంపలో సిద్ధంగా ఉన్నాయి. కాబట్టి వానకి ముందు చిగురు తొడగడం దుంప ఒక్కదానితోనే సాధ్యం. తొడిగిన ఆకుని పగలంతా తెరిచి ఉంచాలంటే మాత్రం లోతు వేరో, వచ్చే వానో ఉండాలి.

పువ్వు సంగతి ఇంకా బాగుంటుంది. మధ్యధరా తీరాల్లో డ్రిమియా మారిటిమా అనే పెద్ద అడవి ఉల్లి ఉంది. వేసవి చివర్లో, నేల ఎముకలా ఎండి ఉన్నప్పుడు, ఒక్క ఆకు కూడా లేకుండా మనిషి ఛాతీ ఎత్తు పూల కాడ వేస్తుంది. కాడ మీద బాష్పోత్సేకం ఆకులతో పోలిస్తే చాలా తక్కువ. కిలోల బరువున్న లశునానికి ఆ ఖర్చు భరించదగ్గదే. ఆకులు వానలు మొదలయ్యాకే వస్తాయి. పూతకి నీరు నిల్వ నుంచి, ఆకుకి నీరు ఆకాశం నుంచి అన్నట్టుగా పనులు పంచుకుంది.

---

వేరుమట్టి

గడ్డిపూలు గారు మొదటి పోస్టులో చివర అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది, పక్కపక్కనే ఉన్న జాతులు నీటిని ఎక్కడి నుంచి తీసుకుంటాయన్నది. దీనికి ఐసోటోపుల (ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాల) పద్ధతి ఉంది.

పై మట్టిలో నీరు ఆవిరవుతున్నప్పుడు తేలికైన అణువులు ముందు పోతాయి. మిగిలిన నీటిలో ఆక్సిజన్ 18, డ్యుటీరియం అనే బరువైన రూపాల వాటా పెరుగుతుంది. లోతు నీటిలో ఆ పెరుగుదల ఉండదు. వేరు నీటిని పీల్చేటప్పుడు చాలా జాతుల్లో ఈ వాటా మారదు. కాబట్టి మొక్క దారువులో (నీటిని పైకి మోసే కణజాలంలో) నీటిని, వేర్వేరు లోతుల మట్టి నీటిని కొలిచి పోల్చితే మొక్క ఏ లోతు నుంచి తాగుతోందో అంచనా వేయొచ్చు.

కోంజాలో నిప్పర్ట్, నాప్ 2007లో ప్రచురించిన పని ఇదే. అక్కడి ఎత్తు గడ్డి జాతుల వేర్లు రెండు మీటర్లకు పైగా దిగుతాయి. అయినా ఆ సీ4 గడ్డి జాతులు (సీ3, సీ4 అన్నవి కిరణజన్య సంయోగక్రియలో రెండు తరహాలు) ఎండు రోజుల్లో కూడా ప్రధానంగా పై 30 సెంటీమీటర్ల నీటినే వాడాయి. సీ3 పూలమొక్కలు, పొదలు మాత్రం పైమట్టి ఎండేకొద్దీ లోతుకు మారాయి. వేరు ఉన్న లోతు, వేరు తాగుతున్న లోతు ఒకటి కానక్కర్లేదని దీంతో తేలింది. మ్యూజియాల్లో వేలాడదీసిన పొడవాటి వేర్ల ఫొటోలు చూసి నీటి వాడకాన్ని ఊహించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి.

ఆ వేర్ల బొమ్మలు మొదట గీసినది నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వీవర్. 1910ల చివర నుంచి కందకాలు తవ్వి, మట్టిని పొరపొరగా తొలిచి, ఒక్కో వేరుని గళ్ల కాగితం మీదకు ఎక్కించారు. ఆయన పని విలువ ఏమాత్రం తగ్గదు. 1930ల మహాకరువులో ఆయనా, ఆయన సహచరులూ చూసినది మీ ప్రశ్నకి నేరుగా వర్తిస్తుంది: పై పొరల్లోనే ఎక్కువ వేర్లున్న లిటిల్ బ్లూస్టెమ్ గుబుర్లు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. కొమ్ములతో పాకే వెస్టర్న్ వీట్‌గ్రాస్, చల్లటి రోజుల్లోనే ముందుగా పచ్చబడి ఉన్న తేమని వాడేసుకునే గడ్డి, ఖాళీ అయిన చోట్లను ఆక్రమించింది. అక్కడ గెలిచినది నీటిని దాచుకున్న మొక్క అనేకన్నా ముందుగా లేచిన మొక్క అనాలి.

అదే ప్రెయిరీలో పెడియోమీలమ్ ఎస్కులెంటమ్ అనే దుంప మొక్క ఉంది. వేసవి నడిమిలోనే గింజలు పండించుకుని, కాండం నేల మట్టానికి తెగిపోయి గాలికి దొర్లిపోతుంది. విత్తనాలు దారంతా రాలతాయి. దుంప కింద నిద్రపోతుంది. ఆగస్టు ఎండకి దానికి ఆకే లేదు!

---

పశుగ్రాసం

మేత గడ్డి మీద పనిచేసేవాడిని. ఇక్కడ రెండు గడ్డి జాతుల గురించి చెప్పి తీరాలి.

ఒకటి పోవా బల్బోసా. కాండం మొదట్లో చిన్న ఉల్లిపాయల్లా ఉబ్బుతుంది. వసంతం చివర నిద్రలోకి పోతుంది, వేసవంతా ఆ ఉబ్బులే మిగులుతాయి. ఇజ్రాయెల్‌లో ఒఫిర్, కిగెల్ దీన్ని పరిశీలించి చూపించినది ఏమిటంటే, పగటి పొడవు పెరిగి వేడి పెరిగితే చాలు, నీళ్లు పోస్తూనే ఉన్నా ఇది నిద్రలోకి వెళ్తుంది. నీటి కొరత ఆ నిద్రని త్వరపెడుతుంది అంతే. అంటే కరువు వచ్చాక స్పందించడం కాదు, కరువు వచ్చే కాలాన్ని పగటి పొడవు చూసి ముందే పసిగట్టడం. తడి ఉండగానే ఆకు వదులుకునే మొక్కకి ఆ నిర్ణయం వెనక నిల్వ లేకపోతే ఆత్మహత్యే.

రెండోది ఫలారిస్. మధ్యధరా మూలాల బహువార్షిక గడ్డి, ఆస్ట్రేలియాలో మేతకి బాగా పెంచుతారు. ఇది కూడా వేసవిలో నిద్రపోతుంది, మొదట్లో ఉబ్బిన కణుపులుంటాయి. మెక్‌విలియం, క్రామర్ 1968లో రాసిన పరిశోధనలో తేలినది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే: నిద్రలో ఉన్న మొగ్గలు వేసవి దాటాలంటే లోతు వేర్ల నుంచి సన్నటి ధారగానైనా నీరు అందుతూ ఉండాలి. పైకి చూస్తే మొక్క చచ్చినట్టే ఉంటుంది, ఒక్క పచ్చ ఆకు ఉండదు. లోపల మాత్రం నీరు కదులుతోంది.

కాబట్టి "నిద్రపోతే నీరు అక్కర్లేదు" అన్న మాటని ప్రతి జాతికీ విడిగా పరీక్షించాలి.

---

గడ్డిపూలు

పశుగ్రాసం గారూ, ఇది నేను ఎక్కడా చదవలేదు. మా పుస్తకాల్లో నిద్రావస్థ అంటే అన్నీ ఆగిపోయినట్టే ఉంటుంది.

ఇంకో ప్రశ్న. దుంపలో ఉండే పదార్థం ఏదైతేనేం, పిండిపదార్థమైనా, ఫ్రక్టాన్ (ఫ్రక్టోజ్ చక్కెర గొలుసు) అయినా నీటికి తేడా ఉంటుందా?

---

కందమూలం

ఉంటుంది, బాగా ఉంటుంది. పిండిపదార్థం కరగని రేణువు. ఎంత ఉన్నా కణరసం గాఢత మారదు, ద్రవాభిసరణపరంగా అది లేనట్టే. ఫ్రక్టాన్‌లు కరుగుతాయి, కణంలో రిక్తికలో (రసం నిండిన సంచిలో) ఉంటాయి. పొడవాటి గొలుసుగా ఉన్నప్పుడు వాటి ప్రభావం తక్కువ, అదే గొలుసుని చిన్న ముక్కలుగా తెంచితే అణువుల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. కణం నీటి శక్మం తగ్గుతుంది, అంటే నీటిని లాగే బలం పెరుగుతుంది, ఎండుతున్న మట్టి పక్కన కూడా నీటిని పట్టి ఉంచగలదు. త్వచాలు ఎండినప్పుడు దెబ్బతినకుండా ఫ్రక్టాన్‌లు కాపాడతాయని కూడా ప్రయోగశాల ఆధారాలున్నాయి.

సెర్రాడోలో పొద్దుతిరుగుడు కుటుంబం మొక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది. వెర్నోనియా హెర్బేసియా అని పిలిచేవారు, ఇప్పుడు క్రైసోలీనా అంటున్నారు. దాని భూగర్భ కాండాల పొడి బరువులో 80 శాతం దాకా ఫ్రక్టాన్‌లే ఉండొచ్చు. నీళ్లు ఆపి చూసిన ప్రయోగాల్లో గొలుసులు తెగి చిన్న చక్కెరలు పెరిగాయి. పూల మొక్కల జాతుల్లో దాదాపు 15 శాతం ఫ్రక్టాన్ దాచుకునేవేనని అంచనా. వాటిలో చాలావి చలో ఎండో ఏడాదికోసారి వచ్చే చోట్లవే.

కాబట్టి నా మొదటి మాటని ఇలా సవరించి చెప్తాను: దుంప నీటిని దాచడంకన్నా, ఉన్న నీటిని పోనివ్వకుండా పట్టుకోవడంలో మొనగాడు.

---

కార్చిచ్చు

అందరూ కరువు గురించే మాట్లాడుతున్నారు. నాకు వేరే అభిప్రాయం ఉంది. ఈ అవయవాలు ఏర్పడటానికి ముఖ్య కారణం మంట. గడ్డి మంటలో పైన వందల డిగ్రీలు ఉన్నా ఐదారు సెంటీమీటర్ల కింద మట్టి వేడి కొద్ది డిగ్రీలే పెరుగుతుంది. అక్కడ మొగ్గలుంటే మొక్క బతికినట్టే. సెర్రాడో మొక్కల వంశవృక్షాలు చూస్తే మంటని తట్టుకునే జాతులు గత కోటి ఏళ్లలోపు, చాలావరకు 40 లక్షల ఏళ్లలోపు, అంటే మంటలకు అలవాటైన సీ4 గడ్డి విస్తరించిన కాలంలోనే పుట్టుకొచ్చాయి. ఆఫ్రికాలోని భూగర్భ వృక్షాల్లోనూ అలాంటి కథే.

ఇక ఫ్రాంక్ వైట్ సంగతి. 1976లో "ఆఫ్రికా భూగర్భ అడవులు" గురించి రాసినాయన. జాంబెజీ ప్రాంతపు ఇసుక నేలల్లో చెట్టంతా మట్టి కింద, కొమ్మల చివర్లు మాత్రం పైన ఉండే మొక్కల్ని చూసి ఆయన ముందుపెట్టిన కారణాల్లో నీటి కొరత లేదు. సారం లేని ఇసుక, వానకాలంలో నీరు నిలబడే నేల. అంటే నీరు ఎక్కువవడం! అంగోలా పీఠభూమిలో రాత్రి మంచు కొరుకుడు కూడా కారణమని తర్వాత ఇంకొందరు అన్నారు.

---

తేమలెక్క

కార్చిచ్చు గారూ, పుట్టుకకి కారణం మంట కావచ్చు, నేను దానితో వాదించను. కానీ గడ్డిపూలు గారు అడిగేది ఇప్పుడు ఆ అవయవం నీటి విషయంలో ఏం చేస్తోందని. మంట కోసం ఏర్పడిన మొగ్గల ముద్ద ఎండాకాలంలో ఆకు వదిలేసే స్వేచ్ఛని కూడా ఇస్తుంది. రెండింటికీ ఒకే నిల్వ ఖర్చవుతుంది. మంట, కరువు ఒకే ఏడాది వస్తే మొక్కకి ఏమవుతుందన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న.

నీరు ఎక్కువవడం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు అవసరమైన మాట. నిల్వ కణజాలం బతికున్న కణజాలం, అది ఊపిరి పీల్చాలి. నీరు నిలిచి ఆక్సిజన్ అందకపోతే కుళ్లుతుంది. అందుకే లశునాలున్న జాతులు చాలావరకు నీరు ఇంకిపోయే నేలల్ని ఇష్టపడతాయి.

---

తుంగపీకుడు

పొలం వైపు నుంచి ఒక మాట. తుంగ గడ్డలు ఎంత మొండివో తెలిసిందే, ఒకదానికొకటి దారం కట్టినట్టు కొమ్ములతో కలిసి ఉంటాయి. ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది. కానీ వేసవి దుక్కిలో గడ్డలు పైకి తేలి ఎండకి వారాల తరబడి పడి ఉంటే చస్తాయి. మట్టిలో ఉన్నప్పుడు ఎంత కరువైనా తట్టుకునేది, మట్టి బయట ఎండకి తట్టుకోదు. దాని చుట్టూ ఉన్న మట్టి కూడా ఆ అవయవంలో భాగమే అనిపిస్తుంది నాకు.

---

వేరుమట్టి

తుంగపీకుడు గారి చివరి వాక్యం బాగుంది. చాలా లశునాలకు, కందాలకు సంకోచించే వేర్లుంటాయి. మొలకగా ఉన్నప్పుడు పైనే ఉన్న గడ్డని ఆ వేర్లు ముడుచుకుంటూ ఏటా కొంచెం కొంచెం కిందికి లాగుతాయి. వేడి, ఎండు పొర దాటాక లాగడం ఆగుతుంది. లోతుని కూడా మొక్కే ఎంచుకుంటోందన్నమాట.

---

గడ్డిపూలు

ఇదంతా చదివాక నా పరికల్పన ఇలా రాసుకున్నాను, చూడండి: "దుంప ఉన్న జాతుల్లో నిల్వ ప్రయోజనం ప్రధానంగా ఆకులు ఎప్పుడు ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛ. నిల్వ నీరు ఆకులు లేని కాలంలో, కొత్త చిగురు కట్టే కాలంలో మాత్రమే ముఖ్యం."

పద్ధతి: దుంప ఉన్న మూడు జాతులు, లేని మూడు జాతులు. ప్రతి పక్షం ఆకుల విస్తీర్ణం, తెల్లవారుజామున ఆకు నీటి శక్మం, ఐసోటోపుల కోసం ఆకు నమూనా, దుంప తవ్వి పచ్చి బరువు, పొడి బరువు. సరిపోతుందా?

---

వేరుమట్టి

పరికల్పన బాగుంది. పద్ధతిలో మూడు మార్పులు చేయండి.

ఐసోటోపులకి ఆకు తీసుకోకండి. ఆకులో నీరు అక్కడే ఆవిరై ఐసోటోపుల వాటా మారిపోతుంది. కాండం, వేరు కలిసే పచ్చగా లేని భాగం తీసుకోండి, వెంటనే గాలి చొరబడని సీసాలో మూసి చల్లగా ఉంచండి. దుంప నీటిని విడిగా తీయండి. అందులో పాత నీరు, కొత్త నీరు కలిసి ఉంటుంది. ఆ మిశ్రమాన్ని దారువు నీరుగా తీసుకుంటే మొక్క లేని లోతు నుంచి తాగుతున్నట్టు వస్తుంది.

తెల్లవారుజాము నీటి శక్మంతో పాటు మధ్యాహ్నానిది కూడా కొలవండి. తెల్లవారుజాము అంకె వేరు అందుకోగలిగే మట్టి ఎంత తడిగా ఉందో చెప్తుంది. మధ్యాహ్నం అంకె మొక్క ఎంత లాగుతోందో చెప్తుంది. రెంటి మధ్య తేడాలోనే మీకు జాతుల తీరు కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి పక్షం తవ్వకండి. పాత గడ్డినేలల్లో ఈ మొక్కలు కొన్ని మనుషుల కన్నా పెద్ద వయసువి. దున్నిన గడ్డినేలలు మళ్లీ గడ్డితో నిండటం తేలికే, దుంప జాతులు తిరిగి రావడానికి దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు పడుతుంది. సీజను మొదట, చివర కొన్ని మాత్రం తవ్వండి.

---

తేమలెక్క

కుండీల్లో ఒక చిన్న ప్రయోగం కలపండి. ఒకే జాతి మొక్కల్లో కొన్నిటికి దుంప కింద పీల్చే వేర్లన్నీ కోసేయండి, కొన్నిటిని అలాగే ఉంచండి. రెండు గుంపుల్లోనూ కొన్ని మొక్కలకు ఆకులు తీసేయండి. కోసిన చోటు గాలికి ఎండకుండా మూసి, కుండీని రోజూ తూకం వేయండి. ట్యాంకు వాదం నిజమైతే వేర్లు కోసిన మొక్క ఆకులు కొన్ని రోజులైనా వాడకుండా ఉండాలి. గంటల్లో వాడితే ఆకుకి నీరు వేర్ల నుంచే వస్తోందని తేలుతుంది. ఆకులు తీసేసినవి తర్వాత నీళ్లు పోయగానే చిగురిస్తాయో లేదో చూడండి, దుంప ఎంత బరువు తగ్గాక చిగురించడం ఆగిపోతుందో అదే మీ ప్రాజెక్టులో అసలైన అంకె అవుతుంది.

---

నీటివాలు

నేను పరీవాహక ప్రాంతాల నీటి లెక్కలు చూసేవాడిని. మీరంతా ఒక మొక్క స్థాయిలో మాట్లాడుతున్నారు, ఇదే కొండ స్థాయిలో ఏమవుతుందో చెప్తాను.

దక్షిణాఫ్రికా డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల్లో కెథెడ్రల్ పీక్ అనే పరిశోధన క్షేత్రం ఉంది. ఎత్తైన గడ్డినేలలు. చలికాలమే అక్కడ ఎండాకాలం. గడ్డి, దుంప మొక్కలు రెండూ ఆ నెలల్లో నిద్రపోతాయి, బాష్పోత్సేకం బాగా పడిపోతుంది, మట్టిలో మిగిలిన నీరు నెమ్మదిగా వాగుల్లోకి ఊరుతుంది. అలాంటి గడ్డినేల పరీవాహకంలో పైన్ చెట్లు నాటి కొలిచారు. పైన్ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, లోతు నుంచి తాగుతుంది. చెట్లు పెరిగేకొద్దీ వాగు ప్రవాహం బాగా తగ్గిపోయింది. ఇలాంటి కొలతల వల్లే అక్కడి 1998 జాతీయ నీటి చట్టం వాణిజ్య అడవుల పెంపకాన్ని వాగుల ప్రవాహం తగ్గించే కార్యకలాపంగా గుర్తించి అనుమతి తప్పనిసరి చేసింది.

గడ్డిపూలు గారు తన పరికల్పనలో రాసిన "ఆకులు ఎప్పుడు ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛ" అన్నది కింద ఊళ్లకు ఎండాకాలంలో వచ్చే నీరు కూడా. ఎండాకాలంలో మట్టి కిందకు వెళ్లిపోయే మొక్కలున్న కొండ, ఆ నెలల్లో తన నీటిని తానే వాడేసుకోదు.

---

గడ్డిపూలు

నీటివాలు గారూ, అయితే నా ఆరు జాతుల దగ్గర ఆకులు లేని నెలల్లో మట్టి తేమ కూడా కొలవాలి. దుంప జాతులు ఎక్కువున్న గళ్లలో, తక్కువున్న గళ్లలో మీటరు లోతు వరకు. పరికరం మా విభాగంలో ఉంది.

---

నీటివాలు

మీటరు చాలదు. వీలైతే రెండు మీటర్లు దింపండి, పైన్ లాంటి చెట్లకీ గడ్డినేల మొక్కలకీ తేడా బయటపడేది కింద మీటరులోనే. కొలత మొదటి వానకి ముందు ఒకటి తప్పకుండా ఉండాలి. ఏడాదిలో నేల అత్యంత ఎండి ఉన్న ఆ ఒక్క అంకె లేకపోతే మిగతావాటిని దేనితో పోల్చాలో తెలియదు.